దేవుడికి పెట్టని సున్నుండ

పెదనాన్న పోయారని మొన్న పొద్దున ఫోన్ వచ్చింది. తొంభై దాటిన మనిషి, నౌకాదళంలో రియర్ అడ్మిరల్‌గా రిటైరైన మనిషి. ఏడవాల్సిన నాకు ముందు నవ్వొచ్చింది. నాంపల్లి స్టేషనూ, మా నాన్నమ్మా, మేం అద్దెకున్న ఇంటాయనా ఒక్కసారిగా గుర్తొచ్చారు మరి.

యాభై ఆరులో రాష్ట్రం ఏర్పడ్డాక తాతయ్యకి బదిలీ అయితే మావాళ్లు కాకినాడ నుంచి నాంపల్లి వచ్చి పడ్డారు. పెదనాన్న అప్పటికే నేవీలో ఉన్నారు. సెలవుకొస్తే పొద్దున్నే డాబా ఎక్కి గాలి ఎటు వీస్తోందో చూసేవారు.

"ఎటు వీస్తే ఏం నాయనా, ఇక్కడ నడపడానికి ఓడేదీ?" అనేది నాన్నమ్మ.

"గాలి చూడకపోతే కాఫీ సహించదమ్మా" అనేవారు. తర్వాత తన బూట్లతో పాటు ఇంట్లో అందరి చెప్పులూ తుడిచి వరసగా పెట్టేవారు.

నాకు పదేళ్లప్పుడు విశాఖపట్నం నుంచి వచ్చిన చుట్టం ఒకాయన, "కమాండర్‌గా ఉన్న మీవాడు ఇప్పుడు కెప్టెనట కదా" అన్నాడు. నాన్నమ్మకి అనుమానం వచ్చి కింద వాటాలో ఉండే ఇంటాయన్ని అడిగింది. ఆయన తమ్ముడు మిలిటరీలో ఉండేవాడు. అందుకని అలాంటి విషయాల్లో మా వీధికి ఆయనే పెద్ద దిక్కు.

"కమాండర్ ఉన్నోడు కెప్టెన్ అయిండంటే దించిన్రన్నట్టే అమ్మా. ఫౌజుల కెప్టెనంటే చిన్న నౌకరీ. ఫికర్ చెయ్యకున్రి."

ఫికర్ చెయ్యకుండా ఎలా ఉంటుంది? నాన్నమ్మకి అన్నం సహించలేదు. కొడుకు తప్పు చేశాడని ఆమె ఎన్నడూ అనుకోలేదు. తల దించుకుని ఒంటరిగా రైలు దిగుతాడేమోనన్నదే ఆమె బెంగ. ఎప్పుడూ స్టేషన్‌కి రాని మనిషి, ఈసారి సున్నుండల డబ్బా పట్టుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడింది. వెనక ఇంటాయన, నేను.

పెదనాన్న తెల్లటి యూనిఫాంలో దిగారు. ఆమె ఆయన చేతిలో సున్నుండ పెట్టి, "ఉద్యోగం చిన్నదైతే నువ్వు చిన్నవాడివైపోతావా? ముందు ఇది తిను" అంది. ఆయన ఏమీ అర్థం కాకుండానే సగం కొరికారు. నేను విషయం చెప్పేశాను. జనం తిరిగి చూసేలా నవ్వారాయన. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నారు.

"నేవీలో కమాండర్ కంటే కెప్టెనే పైన అమ్మా. ఇదిగో, భుజం మీద ఇంకో గీత కూడా వేశారు."

ఇంటాయన తల గోక్కున్నాడు. "గలతీ అయింది సార్. సముద్రంల లెక్క వేరుంటదని నాకేమెర్క?"

"అయ్యో, ముందే చెప్పొద్దూ! శుభవార్తయితే దేవుడికి పెట్టి ఇచ్చేదాన్ని కదా" అంటూ నాన్నమ్మ మిగతా సగం లాక్కోబోయింది. ఆయన గభాల్న నోట్లో వేసేసుకున్నారు. ఆ సాయంత్రం అందరికీ అబిడ్స్‌లో ఐస్‌క్రీం.

తర్వాత కొన్నేళ్లకి ఆయన రియర్ అడ్మిరల్ అయ్యారని తెలిసి ఇంటాయన పైకొచ్చాడు. "రియర్ అంటే ఎనక గదా. గిది పైకా, కిందికా? ముందే చెప్పున్రి."

పెదనాన్న అనేవారు: "పైకెళ్లినప్పుడు సెల్యూట్ కొట్టినవాళ్లు చాలామంది. దించేశారని విని ఎదురొచ్చింది మా అమ్మ ఒక్కతే. ఆ తర్వాత నాకు ఏది పోతుందన్నా భయం వెయ్యలేదు." నా మొదటి ఉద్యోగం ఊడినప్పుడు ఆయనే డబ్బా పట్టుకుని వచ్చారు. "దేవుడికి పెట్టలేదు, తిను" అన్నారు. నేను ఏడుస్తూనే నవ్వాను. అంత మంచి మనిషిని నేను మళ్లీ చూడలేదు.

పోయిన నెల హిమాయత్‌నగర్‌లో వాళ్లింటికి సున్నుండలు చేసి తీసుకెళ్లాను. మంచం మీద నుంచే డబ్బా వంక చూశారు.

"దేవుడికి పెట్టావా?"

"లేదు పెదనాన్నా."

"అంటే డాక్టర్లు నన్ను దించేశారన్నమాట" అని నవ్వి, సగం కొరికి, మిగతా సగం నా చేతిలో పెట్టారు. అక్కడే ఆయన పక్కన కూర్చుని తిన్నాను.