లోడింగు సాకు

మొన్న ఆదివారం మా అమ్మాయి రాజమండ్రి నుంచి ఫోన్ చేసి, "రేపు బాబు ప్లే స్కూల్లో పిల్లలకి నేను కథ చదవాలంట నాన్నగారూ, భయంగా ఉందండి" అంది. నవ్వి ధైర్యం చెప్పాను గానీ, ఫోన్ పెట్టేశాక పాత సంగతొకటి గుర్తొచ్చింది.

మా అమ్మాయి చిన్నప్పుడు నేను కడియంలో ఒక మొక్కల నర్సరీలో అంట్లు కట్టేవాణ్ణి. నర్సరీ పక్కనే మా అమ్మాయి వెళ్లే బాలవాడి. అక్కడి టీచరమ్మకి వారానికొకసారి తల్లినో తండ్రినో పిలిచి పిల్లలకి కథ చదివించడం అలవాటు. శుక్రవారం నా వంతని తెలిసిన దగ్గర్నుంచి నాకు అన్నం సహించలేదు. ఐదో తరగతితో ఆగిన చదువు, అక్షరాలు కూడబలుక్కోవాలి; మన ఈడువాళ్లకి ఆ సిగ్గు ఎలాంటిదో చెప్పనక్కర్లేదు. ముక్కు తుడుచుకోవడం రాని పిల్లలంటే అంత హడలేమిటో గానీ, రోజూ సాయంత్రం పాక వెనక క్రోటన్ కుండీల ముందు నిలబడి టీచరమ్మ ఇచ్చిన కుందేలు కథ చదివేవాణ్ణి. క్రోటన్లు బుద్ధిమంతులు, తప్పు చదివినా నవ్వవు. నాలుగేళ్ల మా అమ్మాయి మాత్రం ఎరువు బస్తా మీద కూర్చుని నోరు తెరుచుకుని వినేది, మా నాన్నగారు చదువుతారని వీధంతా చాటింపు వేసేది.

శుక్రవారం పొద్దున్నే లారీ వచ్చింది. లోడింగు నా పని కాదు, మేస్త్రీ పిలవనూ లేదు. అయినా లోడింగు పడిందని టీచరమ్మకి చెప్పమని మా ఆవిడకి చెప్పి, వెళ్లి లారీ ఎక్కి మొక్కలు అందుకున్నాను. కడియంలో లోడింగంటే పెళ్లిపీటల మీద నుంచి లేచి వెళ్లినా ఎవరూ తప్పు పట్టరు. అది తెలిసే ఆ సాకు ఎంచుకున్నాను.

సాయంత్రం టీచరమ్మే ఎదురుపడి, "మీరు రాకపోయినా కథ ఆగలేదండీ" అంది. మా అమ్మాయి లేచి, పుస్తకం తలకిందులుగా పట్టుకుని, నేను తడబడే చోట తడబడి, దగ్గే చోట దగ్గి, కథంతా అప్పజెప్పిందట. ఆవిడ మురిసిపోతూ చెబుతుంటే నేను తలెత్తలేకపోయాను. ఇంటికి వెళ్లగానే ఆ పిల్ల, "లోడింగు అయిపోయిందా నాన్నగారూ" అని అడిగింది. అయిపోయిందమ్మా అన్నాను.

ఇప్పుడు ఎవరు చదివినా ఫోన్లో వీడియో తీస్తారు, ఊరు దాటకుండానే చూడొచ్చు. మా అమ్మాయి సోమవారం చదివింది నాలుగుసార్లు చూశాను, చక్కగా చదివింది. బాలవాడి సంగతి దానికి గుర్తే లేదు. చెబుదామంటే లోడింగు సంగతీ చెప్పాలి. మా అమ్మాయి అంత బాగా చదివిన ఆ మొదటి రోజున, పది అడుగులు వేస్తే చూడగలిగీ నేను చూడలేదు.