ముందు ఎవరి మడి

రాజాం దగ్గర ఆ ఊళ్లో వరినాట్లను ఉభాలంటారు. ఉభాల మొదటిరోజు నరసింగరావు నాయుడుగారిది. ఆయన మడిలో నాటు పడేదాకా ఇంకెవరి మడిలోనూ పడకూడదు, పడితే ఊరికి అరిష్టమట. ఆ రోజు ఆడవాళ్లకు కూలి ఉండదు, కడుపునిండా చోడి అంబలి మాత్రం పోస్తారు. ఈ ఆనవాయితీ ఎవరు పెట్టారని అడిగితే తాతల నాటిదనేవారు. జవాబు చెప్పడానికి ఆ తాతలు లేరు కదా!

కూర్మమ్మది పెద్ద గొంతు. వరసలో ఆమె వంగితే మిగతావాళ్లు వంగేవారు, ఆమె పాట ఎత్తుకుంటే అందుకునేవారు. నోరు మంచిది కాదని పేరు. సొంతానికి అరెకరం మడి ఉంది. ఆ గింజలే ఇంటిల్లిపాదికీ ఏడాది తిండి.

అరవై ఏడులో వానలు ఆలస్యమయ్యాయి. వచ్చేసరికి కూర్మమ్మ నారు ముదురుతోంది. ఇంకా ఆగితే నాటినా దండగే. నాయుడుగారు మాత్రం మూఢం పోయాకే మొదలుపెడతానన్నారు. ఆయన నారు ఇంకా లేతది, ఆయనకేం తొందర?

మొగుడు సూరయ్యను అడగమని పంపితే, నాయుడుగారి అరుగు దాకా వెళ్లి, దండం పెట్టి, వాన గురించి మాట్లాడి వచ్చేశాడు. ఇక కూర్మమ్మే వెళ్లింది.

"బాబూ, నారు ముదిరిపోతన్నాది. ముందు నా సెక్క నాటుకుంతాను."

నాయుడుగారికి కోపం రాలేదు. కోపంతో పనిపడే మనిషి కాదాయన.

"నాటుకో, నిన్నెవులాపినారు? నీ మడిలోకి ఏ ఆడది దిగుతాదో నానూ సూస్తాను."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. కూర్మమ్మ దారి పొడుగునా దాన్నే తలుచుకుంది. ఆడవాళ్లు దిగకపోతే తన అరెకరమే కాదు, ఆయన ముప్పై ఎకరాలూ బీడే. ఇంత చిన్న సంగతి అన్నేళ్లూ ఎవరికీ తట్టకపోవడం నాకు ఇప్పటికీ వింతే.

సాయంత్రం నూతి దగ్గర అదే అంది. "మనం దిగకపోతే ఆ బాబు ఏటి సేస్తాడే? తనే వంగుతాడా?"

పక్కింటి మరిడమ్మ పడీపడీ నవ్వింది. ఆనక భయపడింది. "రేపు మనల్ని పనికి పిలవడప్పా."

"మరెవుల్ని పిలుస్తాడు? రాజాం సావుకార్లనా?"

మర్నాడు కూర్మమ్మ ఒక్కతే మడిలో దిగింది. ఎటూ చూడకుండా కుదురు వెనక కుదురు నాటుకుంటూ పోయింది. గట్టు మీద గాజుల చప్పుడు వినపడ్డాకే తలెత్తింది. మరిడమ్మ, వెనకాల మరికొందరు. అందరూ రాలేదు. వచ్చినవాళ్లతోనే పొద్దు వాలేసరికి అరెకరం పచ్చబడింది.

నాయుడుగారు వాళ్లను పనికి పిలవకుండా కొన్నాళ్లు బిగుసుకున్నారు. కూలీల కోసం పొరుగూరికి కబురు పెడితే అక్కడా ఉభాలే. చివరికి మొదటిరోజుకీ కూలి ఇస్తానన్నారు. ఊరికి అరిష్టమేమీ రాలేదు. వచ్చుంటే కూర్మమ్మ నెత్తిన రుద్దేవారు.

మరుసటేడు ఉభాల వేళకి ఆడవాళ్లంతా కూర్మమ్మ వాకిట్లో చేరారు. ముందు ఆమె మడి నాటితే కలిసొస్తుందట, కూలి కూడా వద్దట. ఆమెకు సంతోషం వేసింది. వెయ్యలేదంటే అబద్ధం. చెంగు దోపుకుని బయల్దేరింది కూడా. గుమ్మం దగ్గర ఆగింది.

"ఒసే మరిడీ, నీ నారు ఎలగున్నాది?"

"ముదిరిపోతన్నాదప్పా. పరవానేదు, నీదయినాక సూసుకుంతాను."

కూర్మమ్మ మొహం మాడిపోయింది.

"నాయుడు దిగిన అరుగు మీద నన్నెక్కిస్తారేటే? నడండి మరిడి మడికి!"