లారీ వెనక ఇంగ్లీషు

నిన్న మా కాలేజీ గేటుకు రంగు వేస్తుంటే, టర్పెంటైన్ కలిపిన ఎనామిల్ పెయింటు వాసన కిటికీలోంచి తరగతి గదిలోకి వచ్చింది. ఇంగ్లీషు పాఠం చెబుతున్న నేను వాక్యం మధ్యలోనే ఆగిపోయాను. పిల్లలకు అది ఉత్త పెయింటు వాసన. నాకది సాలూరు వాసన, మా నాన్న చొక్కా వాసన.

సాలూరులో మా ఇంటి ఎదురుగానే లారీలకు బాడీలు కట్టే షెడ్డు ఉండేది. పొద్దున్న లేస్తూనే రంపపు చప్పుడు, మధ్యాహ్నం వెల్డింగు మెరుపులు, సాయంత్రం కొత్త చెక్క మీద వార్నీషు ఘాటు. వేసవిలో ముంజలు జుర్రుకుంటూ, వానల్లో టార్పాలిన్ కింద మొక్కజొన్న పొత్తులు నములుతూ, పారేసిన వాషర్లనే బిళ్ళలుగా చేసుకుని ఆడుకునేవాళ్ళం. దసరా ఆయుధపూజకు లారీలన్నీ కొత్త రంగుల్లో మెరవాలి కనుక ఆ నెల రోజులూ నాన్నకు అన్నం తినే తీరిక కూడా ఉండేది కాదు. పండగనాడు చక్రాల కింద నలిగిన నిమ్మకాయల పులుపు, పగలగొట్టిన గుమ్మడికాయల పచ్చి వాసన, అమ్మ వండిన బూరెల నెయ్యి వాసన కలిసి వీధంతా కమ్ముకునేవి.

నాన్న లారీల మీద బొమ్మలూ అక్షరాలూ రాసేవాడు. చదివింది ఏడో తరగతి. ఇంగ్లీషు అక్షరాలు కూడా ఆయనకు బొమ్మలే. ‘ఎస్’ అంటే హంస మెడ, ‘బి’ అంటే బుంగమూతి. ‘సౌండ్ హారన్’, ‘నేషనల్ పర్మిట్’ లాంటివి పాత లారీలు చూసి కంఠతా పెట్టుకున్నవే. స్పెల్లింగు మాత్రం బండికో తీరుగా మారిపోతుండేది.

నేను అయిదో తరగతికి వచ్చిన ఏడు నన్ను ఇంగ్లీషు మీడియంలో వేశారు. సాయంత్రాలు సుగుణమ్మ టీచరు దగ్గరికి ట్యూషన్‌కు వెళ్ళేదాన్ని. ఆవిడ మిషన్ స్కూల్లో పనిచేసి రిటైరయ్యారు. క్రిస్మస్‌కు గులాబీ పువ్వుల పిండివంట చేసి మా అందరి జేబులూ నింపేవారు. మేం ‘ఇస్కూలు’ అంటే “ముందు ఆ ‘ఇ’ ఎక్కడిదే?” అనేవారు. కుర్చీని ‘సైర్’ అన్నా, ‘సిప్స్’ తిన్నామన్నా, ‘సర్చి’కి వెళ్ళామన్నా పదిసార్లు పలికించేవారు. మళ్ళీ ఆవిడే నవ్వుతూ, “మా ఇంట్లో కూడా సర్చే అంటార్లే” అనేవారు.

ఆ ఏడు దసరా ముందు పైడిరాజు మావ సొంత లారీ కొనుక్కున్నాడు. పాతికేళ్ళు డ్రైవరుగా తిరిగినవాడికి అది మొదటి బండి. వెనకాల ‘గాడ్ ఈజ్ గ్రేట్’ అని రాయమన్నాడు. నేను బడి నుంచి వచ్చేసరికి నాన్న ఆఖరి అక్షరానికి నీడ దిద్దుతున్నాడు. ‘గ్రేట్’ మధ్యలో ఉండాల్సిన ‘ఇ’ చివరికి పోయింది. చదివి, పకాలున నవ్వేశాను.

“నాన్నా, ఇది గొప్ప కాదు, కొబ్బరి కోరడం! దేముడు కొబ్బరి కోరుతున్నాడని రాసీసినావు!”

షెడ్డంతా గొల్లుమంది. పైడిరాజు మావ మొహం మాడిపోయింది. “ఏటి బావా, కొత్త బండిని ఊరూరా నవ్వులపాలు సేసీస్తావేటి?”

నాన్న గుడ్డను టర్పెంటైన్‌లో ముంచి మొత్తం తుడిచేశాడు. “అచ్చరాలు ఇంకెవుల్సేతైనా రాయించుకో బావా. నాను పువ్వులు గీస్తాను, సాలు” అన్నాడు.

మర్నాటి నుంచి షెడ్డులో అక్షరాలకు బొబ్బిలి నుంచి ఇంకో పెయింటరు వచ్చేవాడు. నాన్న ఒక మూల కూర్చుని నెమళ్ళు గీసేవాడు. నన్ను తిట్టలేదు, కొట్టలేదు. అన్నం దగ్గర మాత్రం నా వైపు చూసేవాడు కాదు. నాలుగో రోజు సుగుణమ్మ టీచరు దగ్గర ఏడ్చేశాను.

“తప్పుంటే చెప్పడం మంచిదే గౌరీ. కానీ పదిమందిలో నవ్వుతూ చెప్పావే” అన్నారావిడ.

మర్నాడు గొడుగేసుకుని, చంకలో చెక్కతో ఆవిడే షెడ్డుకు వచ్చారు. ఇంటికి పేరు బోర్డు కావాలన్నారు.

“నాకు ఇస్పెల్లింగులు రావు టీచరమ్మా” అన్నాడు నాన్న తలెత్తకుండా.

“నాకు గీత తిన్నగా రాదు సూర్రావు. నీ కూతురికి స్పెల్లింగులు వచ్చు, నీకు గీత వచ్చు. ఇంకేం కావాలి?”

ఆ సాయంత్రం నాన్న నా నోటు పుస్తకం తెచ్చి ముందు పెట్టాడు. “రాసియ్యి తల్లీ. నెమ్మదిగా.” ఆ మాటకు నాకు మళ్ళీ ఏడుపొచ్చింది. నేను రాసిచ్చింది చూసి ఆయన ఆ చెక్క మీద అక్షరాలు నిలిపాడు. వారం తిరక్కుండా లారీల అక్షరాలు మళ్ళీ నాన్న చేతికే వచ్చాయి. పైడిరాజు మావ బండి మీద ‘గ్రేట్’ కూడా.

కొన్ని నెలలకు, యాక్సిడెంటైన బండిని బాగుచేయించుకున్న ఒక డ్రైవరు, ధైర్యం చెప్పే మాట ఏదైనా రాయమన్నాడు. నేను గర్వంగా ‘నెవర్ లూజ్ హోప్’ అని రాసిచ్చాను. బండి రాయపూర్ వెళ్ళిపోయింది. ఆ సంగతి చెబితే టీచరు స్పెల్లింగ్ అడిగారు. “రెండు ‘ఓ’లు పెడితే బోల్టు లూజవడమే గౌరీ. పోగొట్టుకోవడానికి ఒక్కటే.”

ఇంటికి పరుగెత్తి, నాన్న చెవిలో చెప్పాను.

“పోన్లే. బండి రానీ” అన్నాడంతే.

పన్నెండో రోజున బండి వచ్చింది. “ఇక్కడ రంగు రేగినాది, సరిసేస్తాను” అని డ్రైవరును టీ తాగి రమ్మన్నాడు. రెండు ‘ఓ’లనూ కలిపి ఒకే పెద్ద ‘ఓ’ చేసి, దాని మధ్యలో బంతిపువ్వు గీశాడు. డ్రైవరు తిరిగొచ్చి “బలే ఉన్నాది!” అని మురిసిపోయాడు. డబ్బా పట్టుకుని నిలబడ్డ నా వైపు చూసి నాన్న కన్ను గీటాడు. తప్పు నాదని ఆ షెడ్డులో ఎవరికీ తెలియలేదు.

ఇప్పుడు సాలూరు లారీల మీద కంప్యూటరులో కోసిన స్టిక్కర్లే. ఒక్క అక్షరం తప్పు ఉండదు, ఒక్క అక్షరానికీ నీడ ఉండదు. సుగుణమ్మ టీచరు లేరు. ఆవిడ ఇంటి వరండాలో ఇప్పుడెవరో సెల్‌ఫోన్ల కొట్టు పెట్టారు.

నాన్న మాత్రం ఈ మధ్య ఫోనులో ఇంగ్లీషు నేర్చుకుంటున్నాడు. నిన్న సాయంత్రం కాలేజీ నుంచి బయటికి వస్తుంటే మెసేజి వచ్చింది. ‘ఇక్కడ వాన’ అని రాయబోయినట్టున్నాడు. ‘హియర్’ స్పెల్లింగు తప్పి, అది ‘వాన విను’ అయింది.

దిద్దలేదు. ఫోను చేసి, “ఏటి నాన్నా, బాగా పడతన్నాదా?” అన్నాను. ఆయన నాకు వినబడేలా ఫోనును కిటికీ బయట పెట్టాడు.