ఎవరి గొర్రె, ఏ మందలో

మర్రిగూడలో నవనీత పెట్టుకున్న జిరాక్స్ దుకాణానికి సగం మంది కాగితాల కోసం కాదు, కోపం దించుకోవడానికి వస్తారు. ఆన్‌లైన్‌లో పేరు తప్పు పడినా నేరం ఆమెదే, కరెంటు పోయినా నేరం ఆమెదే. ఆ తిట్లన్నీ చాయ్‌తో పాటు తాగేసి పని చేసి పంపేది. కాని ఆ ఏడు తొలకరి పడ్డాక గొర్రెలు పెంచుకునే గోపమ్మ వచ్చి గడప దగ్గర నిలబడింది. ఆమె మాట చాయ్‌తో దిగేది కాదు.

“నా గొర్లు సచ్చినయ్ బిడ్డా. నీ ఫోనుల సూది అయిందని ఉన్నదట గదా. అయితే ఎందుకు సచ్చినయ్?”

గోపమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

గొర్రెలకు చిటుక రోగం అని ఒకటుంది. తొలకరికి మొలిచిన లేతగడ్డి మేసిన గొర్రె పొద్దున గంతులేస్తుంది, మధ్యాహ్నానికి పడిపోతుంది. వచ్చాక చేసేదేమీ లేదు. వానలకు ముందే సూది వేయించాలి. ఏ గొర్రెలకు సూది పడింది, ఏవి మిగిలాయి అని చూపించే వెబ్ అప్లికేషన్ ఒకటి గొర్రెల కాపరుల సంఘానికి నవనీతే చేసిపెట్టింది. సూదులు వేసే హనుమంతు దొడ్డి దగ్గరే ఫోన్‌లో నొక్కుతాడు. సూది పడితే పచ్చ, పడకపోతే ఎరుపు. ఊరంతా మెచ్చుకుంది కూడా.

నవనీతది కాపరుల ఇల్లే. తెలంగాణ వచ్చిన ఏడు ఇంటర్ చదివింది, నల్లగొండలో డిగ్రీ చేసింది, హైదరాబాద్‌లో కొన్నాళ్లు కంప్యూటర్ కోర్సు నేర్చుకుని, అక్కడి ఉద్యోగం గొంతు దిగక తిరిగొచ్చింది. ఆమె తండ్రి పర్వతాలు మందకు ముందు నడిచే మనిషి. ఎండలు ముదిరి మర్రిగూడ మెట్టల్లో మేత అయిపోగానే నాలుగైదు ఇళ్ల గొర్రెలను కలిపి ఒకే మంద కట్టి కాలువ కింది పొలాల దిక్కు తోలుకుపోతారు. ముందు నడిచేవాడి పేరే మందకు పేరు. అందులో ఎవరి గొర్రెలు ఏవో కాపరులకు చూడగానే తెలుసు కాబట్టి ఆ మాట ఎవరూ పైకి అనరు.

నవనీత కూడా దాన్ని రాసిపెట్టాలని అనుకోలేదు. కాపరి ఇంట్లో పుట్టింది కనుకనే అనుకోలేదు. బయటివాళ్లెవరైనా చేసి ఉంటే మొదటి రోజే “ఈ మంద మొత్తం ఒకరిదేనా?” అని అడిగేవారు. ఈమె మాత్రం కోర్సులో నేర్పిన కొత్త తరహా డేటాబేస్ తీసుకుని ఒక్కో మందను ఒక్కో మూటగా కట్టి అందులో పెట్టింది. ఒక మూట పేరు ‘పర్వతాలు మంద’. కాలువ కింద ఆ మందకు హనుమంతు సూదులు వేసి నొక్కాడు, మూటంతా పచ్చబడింది. ఆ తర్వాత గోపమ్మ పెట్టుకున్న జీతగాడు నడుమనే వదిలేసి పోతే, ఆమె గొర్రెలు వచ్చి ఆ మందలో కలిశాయి. పాత బోరు ఫ్లోరైడ్ నీళ్లకు మోకాళ్లు బిగుసుకుపోయిన గోపమ్మ తాను వెంట తిరగలేదు. మందలు ఊరికి వచ్చాక హనుమంతు ఫోన్ చూసుకున్నాడు. పర్వతాలు మంద పచ్చగా ఉంది, ఇవీ అందులోవే కదా అని గోపమ్మ దొడ్డి దాటేసి పోయాడు.

సంఘం కూర్చుంది. అధ్యక్షుడు జానయ్య పెద్ద మనిషి, నెమ్మదిగానే చెప్పాడు. “నీ తప్పని నేనంట లేను బిడ్డా. గని మాకీ ఫోను పంచాయితి వద్దు. ఎనుకటి లెక్కనే ఇంటింటికి అడుక్కుంట పోతం.”

“ఎనుకట గూడ సచ్చినయ్ గదా పెద్దనాయినా. ఎందుకు సచ్చినయో గూడ తెల్వకపాయె. వచ్చే మృగశిర దాకా నాకు టైం ఇయ్యి. అప్పుడు ఒక్క ఇల్లు తప్పు జూపినా నేనే తీసి పారేస్త,” అంది నవనీత.

“మిగిలిన నాయి మాత్రం నీ ఫోనుల ఎక్కియ్యకు,” అని గోపమ్మ లేచి వెళ్లిపోయింది. ఆ మాట నవనీతకు లోపలెక్కడో గుచ్చుకుని అక్కడే ఉండిపోయింది.

హైదరాబాద్‌లో కోర్సు నాటి స్నేహితురాలు మనస్విని ఫోన్‌లో ధైర్యం చెప్పింది. “మళ్లీ రాయడమే అయితే ఈ కాలం పద్ధతిలో రాయవే. పీహెచ్‌పీ లాంటి పాత భాషలో రాస్తే మా ఆఫీసులో నవ్వుతారు.”

“మీ ఆఫీసోళ్లు మర్రిగూడకొచ్చి నా పేజీ బాగుచేస్తరానే?”

నవ్వులాటకే అన్నా, ఆ ప్రశ్న దగ్గరే నవనీత ఆగింది. రేపు తాను ఇక్కడ లేకపోతే దీన్ని ఎవరు తెరుస్తారు? ఆ ఆఫీసుల్లో వాడే పైథాన్ భాష ఆమెకు నచ్చింది, కొన్నాళ్లు దానితో తంటాలు పడింది కూడా. కాని సంఘం సర్వర్‌లో అద్దెకు తీసుకున్న జాగాలో పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ ముందే ఉన్నాయి. పైథాన్ అంటే వేరే జాగా వెతకాలి, దాన్ని చూసుకునే మనిషీ కావాలి. నల్లగొండలో డిగ్రీ చదివిన ఏ పిల్లయినా పీహెచ్‌పీ చూసి ఎంతో కొంత అర్థం చేసుకోగలదు. నవ్వేవాళ్లు నవ్వుకోనీ అనుకుంది. పీహెచ్‌పీ ఖాయం చేసింది.

డేటాబేస్ దగ్గర మాత్రం మొండికేసింది. “పాత మూటలోనే ఇళ్ల పేర్లు రాసెయ్, సాయంత్రానికి అయిపోతుంది,” అంది మనస్విని. అవుతుంది, నిజమే. కాని గొర్రెలు ఒక మంద నుంచి ఇంకో మందకు పోయిన ప్రతిసారీ రెండు చోట్ల మార్చాలి. ఒకచోట మార్చి ఇంకోచోట మరిచిపోతే మళ్లీ గోపమ్మ గడపలో నిలబడుతుంది.

“నేను మళ్ల మర్చిపోతనే. మనిషిని గదా. నేను మర్చిపోయినా అది పట్టుకోవాలె,” అంది నవనీత.

పాత డేటాబేస్‌ది తప్పేమీ లేదు, పాపం. మూట కట్టి మూట విప్పే పనికి అది భేషైనదే. కలిసి విడిపోయే మందలకు మూట పనికి రాదు, అంతే. అందుకే మైఎస్‌క్యూఎల్‌లో ఇళ్లకు ఒక పట్టిక, గొర్రెలకు ఒకటి, మందలకు ఒకటి వేసింది. ఏ గొర్రె ఏ మందలో ఎప్పటి నుంచి ఎప్పటి దాకా ఉందో చెప్పడానికి వాటి నడుమ ఇంకో పట్టిక వేసింది. సూదిని మందకు కాకుండా గొర్రెకు ముడి వేసింది. లేని గొర్రెకు సూది రాయబోతే డేటాబేసే ఒప్పుకోదు. గుట్టల నడుమ సిగ్నల్ పోయినా సగం రాత మిగలదు. పడితే మొత్తం పడుతుంది, లేదంటే ఏమీ పడదు. పచ్చగా మార్చే మీట హనుమంతు ఒక్కడికే ఉంచి, తన పేరు మీద ఉన్నది కూడా తీసేసింది.

ఇదంతా చెప్పుకున్నంత సులువుగా కాలేదు. దుకాణంలో గిరాకీని చూసుకుంటూ, గొర్రె ఈనినప్పుడు పిల్ల ఎవరిదవుతుంది, పిల్లల్లో వాటా మీద పాలుకిచ్చిన గొర్రె ఎవరిది అని తండ్రిని సతాయిస్తూ, రాసింది చెరిపి మళ్లీ రాస్తూ ఏడాది గడిపింది. పర్వతాలు విసుక్కోకుండా చెప్పాడు. గోపమ్మ మాట ఎత్తితే మాత్రం లేచి దొడ్డిలోకి పోయేవాడు. పోయిన గొర్రెలు తన మందలోవి. ఆ బరువు కూతురిది మాత్రమే కాదని ఆయనకు తెలుసు.

మృగశిరకు ముందురోజు పర్వతాలు దుకాణానికి వచ్చాడు. “మన గొర్లకు సూదులు అయినయ్ బిడ్డా. పచ్చగ జెయ్యి.”

“హనుమంతన్న నొక్కలే గదా నాయినా.”

“మర్చిపోయిండేమో. రేపు అందరి ముంగట మన ఇల్లే ఎర్రగుంటే నీ ఇజ్జతేం గావాలె?”

పేజీలో మీట లేకపోయినా, డేటాబేస్ తాళం ఆమె దగ్గరే ఉంది. ఒక్క వాక్యం రాస్తే ఎరుపు పచ్చబడుతుంది. కన్నతండ్రి చెప్తున్నాడు, ఆయన ఎన్నడూ అబద్ధమాడిన మనిషి కాదు. నవనీత వేళ్లు మీటల మీదికి పోయాయి. అంతలోనే చేతులు వెనక్కి తీసుకుంది.

“హనుమంతన్న నొక్కాల్సిందే నాయినా,” అంది. పర్వతాలు ముఖం ముడుచుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు సంఘం ఇంట్లో టీవీకి తగిలించి పేజీ తెరిచింది. గోపమ్మ కూడా వచ్చి వెనక గోడకు ఆనుకుని కూర్చుంది. ఇళ్లన్నీ పచ్చగా వరుసగా వచ్చాయి. చివర ఒక్కటి ఎర్రగా వచ్చింది: పర్వతాలు.

జానయ్య కుర్చీలో ముందుకు జరిగాడు. “ఒక్క ఇల్లు తప్పు జూపినా తీసేస్త అన్నవ్ బిడ్డా. పర్వతాలు తనయి అయినయని నిన్ననే చెప్పిండు నాకు.”

నవనీత హనుమంతు వైపు చెయ్యి చూపించింది. “తప్పు జూపెడ్తలేదు పెద్దనాయినా. సూదులు ఏసినాయన ఈన్నే ఉన్నడు, అడుగుండ్రి.”

హనుమంతు ఇబ్బందిగా పర్వతాలు వైపు చూశాడు. “పర్వతాలు మామ గొర్లకు ఎయ్యలే,” అన్నాడు. “ఆనాడు మందు తక్కువ పడ్డది. ‘నాయి ఉండనీ, ముందుగాల గోపమ్మక్క దొడ్డికి నడువు’ అన్నడు మామ. నేను మళ్ల పోతే ఇంట్ల లేకపాయె.”

పర్వతాలు తల దించుకుని ఉన్నాడు. కూతురికి ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

“అబద్ధం ఎందుకు జెప్పినవ్ నాయినా?”

“నీ పని తప్పని మళ్లెవ్వరు అనద్దని, బిడ్డా.”

గోపమ్మ గోడ పట్టుకుని మెల్లగా లేచింది. పోయినేడాది నుంచి పర్వతాలు గడప తొక్కని మనిషి, ఆయన ముందుకు వచ్చి నిలబడింది.

“నువ్వు జెప్పినా ఇనలే గదా తమ్మీ నీ బిడ్డ. కన్న తండ్రి మాటకే లొంగకపాయె,” అని నవనీత వైపు తిరిగింది. “నాయి గూడ ఎక్కియ్యి బిడ్డా.”

బయట మబ్బు దిగుతోంది. నవనీత కళ్లు తుడుచుకుని హనుమంతు మందు పెట్టె చేతికి అందుకుంది.

“ఎక్కిస్త అత్తా. ముందుగాల మా నాయిన గొర్లకు సూది పడనీ,” అని అతని బండి వెనక ఎక్కి కూర్చుంది.