ఇరవై రెండు వేల అద్దం

మా మేనత్త పోయిందని సూర్యాపేట నుంచి మామయ్య ఫోన్ చేసినప్పుడు, నేను కోదాడలో నా జిరాక్స్ షాపులో ఎవరిదో ఆధార్ కార్డు లామినేషన్ చేస్తున్నాను. నిద్రలోనే పోయిందట. ఫోన్ పెట్టేశాక ముందు మెషీన్ స్విచ్ ఆపాను. ఆ మెషీన్ ముందు పరధ్యానంగా నిలబడితే ఏమవుతుందో ఈ జిల్లాలో నాకంటే బాగా తెలిసినవాడు లేడు. ఆ పాఠం నేర్చుకున్నది అత్త సొమ్ముతోనే.

అత్త ఇంట్లో దోసె పిండి రుబ్బి అమ్మేది. ఎండాకాలంలో మధ్యాహ్నానికే పిండి పులిసిపోయేది. అమ్ముడుపోని పిండంతా మామయ్య దోసెలుగా తినాల్సి వచ్చేది. మే నెలలో ఆయన మొహం చూస్తే పాపమనిపించేది. అందుకే రెండేళ్లు కూడబెట్టి, పెద్ద ఫ్రిజ్ కోసం ఊళ్లోని ఒక షోరూమ్‌లో ఇరవై రెండు వేలు అడ్వాన్స్ కట్టింది. ఫ్రిజ్ ఇంకా స్టాకు రాలేదన్నా వినకుండా, అక్కడ చూపించడానికి పెట్టిన ఫ్రిజ్‌కే పసుపు రాసి, బొట్టు పెట్టి, దాని ముందు కొబ్బరికాయ కొట్టింది. రశీదు గుండెకు ఆనించి పట్టుకుని సేల్స్‌మన్ చేత ఫోటో కూడా తీయించుకుంది. అది నీ ఫ్రిజ్ కాదు కదత్తా అని నేనంటే, "అక్కాచెల్లెండ్లే గదరా, దీనికి పెడితె దానికి అందుతది" అంది.

నెల తిరక్కముందే షోరూమ్ షట్టరు పడింది. కంపెనీ దివాలా తీసిందని, డబ్బు రావాల్సినవాళ్లు ఫలానా తేదీలోగా రశీదు జతచేసి హైదరాబాద్‌లోని అధికారికి క్లెయిమ్ ఫారం పంపాలని పేపర్లో పడింది. ముందు రశీదును భద్రం చేయాలనుకుంది అత్త. మనవాళ్ల భద్రం సంగతి మీకు తెలియనిది కాదు. ముఖ్యమైన కాగితం ప్లాస్టిక్‌లోకి వెళ్లేదాకా ఎవరికీ నిద్ర పట్టదు. రేషన్ కార్డు, ఓటరు కార్డు, వాటి మధ్యలో ఆ రశీదు పెట్టుకుని బస్సెక్కి నా షాపుకు వచ్చింది.

ఆ రశీదు బస్సు టికెట్ లాంటి కాగితం. వేడి తగిలితే నల్లబడుతుంది. ఆ సంగతి నాకు తెలుసు, బాగా తెలుసు. కానీ అత్త తెచ్చిన సర్వపిండి నములుతూ, కబుర్లలో పడి, చూడకుండా మెషీన్‌లో పెట్టేశాను. ఇటు తెల్లగా వెళ్లిన కాగితం అటు నల్లగా, నిగనిగలాడుతూ వచ్చింది. అక్షరం ముక్క మిగల్లేదు.

రెండేళ్ల పిండి రుబ్బుడు ఆ నల్లటి ముక్కలో కలిసిపోయింది. అత్త దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత మొహానికెదురుగా ఎత్తి పట్టుకుని, అందులో చూసుకుంటూ బొట్టు సరిచేసుకుంది.

"ఇరవై రెండు వేల అద్దం అల్లుడా. మన సుట్టాలల్ల ఎవ్వరికీ లేదు."

నాలుగు తిట్టి ఉంటే నాకు హాయిగా ఉండేది.

గడువు ఇంకా నాలుగు రోజులుంది. అప్పుడు గుర్తొచ్చింది ఆ ఫోటో. అది సేల్స్‌మన్ ఫోన్‌లో ఉంది. అతను మిర్యాలగూడలో ఏదో టైల్స్ షాపులో చేరాడని విని, మర్నాడే ఇద్దరం బయల్దేరాం. నాలుగో షాపులో దొరికాడు. ఫోటో పెద్దది చేసి చూస్తే రశీదు నంబరు, తేదీ, మొత్తం అన్నీ చక్కగా ఉన్నాయి. పేరు ఉండాల్సిన చోట మాత్రం అత్త బొటనవేలు ఉంది. "ఏలు నాదే గదా, పేరు ఇంకెవ్వలదైతది" అని కొట్టిపారేసింది.

అతనికీ రెండు నెలల జీతం రావాలట, ఎప్పుడో వదిలేసుకున్నాడు. అత్త టైల్స్ పెట్టెల మీద కూర్చుండిపోయింది. "నీ జీతం నువ్వడగకపోతె ఎవ్వలడుగుతరు బిడ్డా" అంటూ, అతని ఫారం కూడా నాచేత నింపించాకే లేచింది.

అత్త ఫారానికి ఆ ఫోటో, నల్ల కార్డు రెండూ జతచేసి గడువులోగా పంపాం. కొన్నాళ్లకు హైదరాబాద్ ఆఫీసు నుంచి అత్తకు ఫోన్. రశీదు ఎందుకంత నల్లగా ఉందని అడిగారు. నేను పక్కనే తల వంచుకుని నిలబడ్డాను. మా అల్లుడు చేసిన పని అని ఒక్క మాటంటే అయిపోయేది. అత్త తొణక్కుండా, కరెంటు పోయినప్పుడు దీపం పొగ పట్టిందని చెప్పింది. పొగ ప్లాస్టిక్ లోపలికి ఎలా వెళ్లిందమ్మా అని ఆయన అడిగాడు.

"గదే సార్, నాక్కూడ సమజైతలేదు."

అవతల ఆయన నవ్వు నాక్కూడా వినిపించింది. ఫోటో సరిపోతుందని, కార్డు తిప్పి పంపిస్తానని అన్నాడు.

అత్త పేరు జాబితాలోకి ఎక్కింది. కంపెనీ ఆస్తులు అమ్మి, ముందు వరసలో ఉన్నవాళ్లకు పంచి, చివరికి దాదాపు మూడేళ్లకు అత్త ఖాతాలో రెండు వేల తొమ్మిది వందలు పడ్డాయి. సేల్స్‌మన్‌కు జీతం అంతకుముందే వచ్చింది, స్వీట్ డబ్బా పట్టుకుని వచ్చి వెళ్లాడు. "ఫ్రిజ్ రాలే గని, ఫ్రిజ్‌ల ఒక అర వచ్చింది" అని అందరికీ చెప్పుకుని మురిసిపోయింది అత్త. ఆ డబ్బుతో రెండు పెద్ద మట్టి కుండలు కొని, తడి ఇసుకలో పెట్టి, పిండి వాటిలో దాచింది. పిండి ఒక గంట ఆలస్యంగా పులిసేది. మామయ్య దోసెలు మాత్రం తప్పలేదు.

మిగతా పంతొమ్మిది వేల చిల్లర నేనిస్తానని రెండుసార్లు అన్నాను. రెండుసార్లూ మాట మార్చింది.

దినం రోజు మామయ్య ఆ నల్ల కార్డు తెచ్చి నా చేతిలో పెట్టాడు. రోజూ పొద్దున దీంట్లోనే చూసుకుని బొట్టు పెట్టుకునేదని చెప్పాడు. "దీపం పొగకు గింత నున్నగ ఎట్ల నల్లబడ్డదో, నాకిప్పటికీ సమజ్ గాదురా" అన్నాడు. కట్టుకున్న మొగుడికి కూడా చెప్పలేదు మా అత్త. నేను దొడ్లోకి వెళ్లి, కుండల దగ్గర కూర్చుని ఏడ్చాను. తర్వాత లోపలికొచ్చి మామయ్యకు నిజం చెప్పేశాను.

ఇప్పుడా కార్డు నా షాపులో మెషీన్ పైన గోడకు ఉంది. బిల్లు లామినేషన్ చేయమని ఎవరొచ్చినా ముందు దాన్ని చూపిస్తాను. పై భాగంలో అత్త తీసి అంటించిన స్టిక్కర్ బొట్టు ఒకటి అలాగే ఉంది. మెషీన్ ముందు నిలబడితే కార్డులో నా మొహం కనిపిస్తుంది. కొంచెం వంగితే ఆ బొట్టు సరిగ్గా నా నుదుటి మీదికి వస్తుంది.