మిల్లులో మొదట పడే పిండి

నేను ఆరో తరగతితో బడి మానేసినదాన్ని. నా రాత వంకర, తప్పులు కూడా ఎక్కువ, మన్నించండి. మా అత్త పోయిన శుక్రవారం తెల్లవారుతుండగా కన్నుమూసింది. ఆమె గురించి మన సంఘం పత్రికకు రాయమన్నారు. రాయబోతే ఏడుపు కంటే ముందు నవ్వే వస్తోంది.

పేరేసంద్రలో అత్తా నేనూ రాగులు, పెసలు వేయించి, మిల్లులో ఆడించి, జావపిండి ప్యాకెట్లు కట్టేవాళ్లం. వాటిమీద చీటీలు రాసేది నేను. చిక్కబళ్లాపురంలో ఒక అంగడాయన, "జన్యువులు మార్చిన దినుసులు లేవని రాసియ్యండి, నెలనెలా తీసుకుంటా" అన్నాడు. ఆ బేరం కుదిరితే సంఘంలో అందరికీ పని దొరుకుతుంది. సంతోషంతో నలభై చీటీలు రాసేశాను.

అత్త ఆపింది. "టెస్టు చేయించినాక అంటిద్దాం అమ్మీ. నోటితో చెప్తే మర్చిపోతారు. ప్యాకెట్టు మీద రాస్తే నమ్మి బిడ్డలకు పోస్తారు."

ల్యాబు రిపోర్టు వచ్చింది. జన్యువులు మార్చిన సోయా జాడ ఉందట! మేము సోయా కొననే లేదు.

"యాడ నుంచి వచ్చిందత్తా?"

"ల్యాబు మిషనుకు మన మీద పగా ఏమి, అబద్ధం చెప్పేకి? మిల్లుకాడికి పద."

మిల్లాయనను అడిగింది. "అప్పా, మా రాగులకు ముందు ఏం ఆడిస్తాండావు?"

"కోళ్ల దాణామ్మా. సోయాచెక్క."

"అయితే ఇన్నినాళ్లూ ఊరికంతా కోళ్ల జావ పోస్తాండామా!"

మిల్లంతా నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. పిడికెడు పిండి కూడా పోకూడదని, మిల్లులో పిండి జారే గుడ్డగొట్టాన్ని దులిపి మరీ సంచిలో వేసుకునేది నేనే.

అత్త ఆ రిపోర్టును తానే అంగడాయనకు చూపించి, గడువు అడిగింది. నా చీటీలు నలభయ్యీ స్నానానికి కాచే నీళ్లపొయ్యిలో వేసింది. తర్వాత మిల్లు తుడిపించి, గుడ్డగొట్టం మార్పించి, కాసిని రాగులు ఆడించి మొదట పడిన పిండిని మా కోళ్లకు వేసి, ఆ తర్వాతే ప్యాకెట్ల పిండి ఆడించింది. రెండో రిపోర్టులో ఏ జాడా లేదు. అంగడాయన ఒప్పుకున్నాడు. చదవడం రాని అత్త నా కొత్త చీటీని తలకిందులుగా పట్టుకుని, "ముత్యాల్లా రాసినావే!" అంది.

నిన్న మిల్లుకు వెళ్లాను. నేను అడగకముందే మిల్లాయన మొదటి పిండి వేరుగా తీసి, "ఇది మీ అత్త కోళ్లకమ్మా" అన్నాడు.

అచ్చు వేసుకున్నాక ఈ కాగితాన్ని నీళ్లపొయ్యిలో వేసేయండి, నాకు సిగ్గు. ఆ రోజు నా చీటీల మంట మీద కాగిన నీళ్లతోనే, ముఖం వేలాడేసుకుని కూర్చున్న నన్ను లాక్కెళ్లి, నవ్వుతూ తలంటింది మా అత్త.