మంచుదొర పళ్ళ పరీక్ష

మా దంతవైద్యశాలలో కట్టుడు పళ్ళు చేసే మనిషంటే నాకు మొదటినుంచీ ఒళ్ళుమంట. ముప్ఫై ఏళ్ళుగా వెనక గదిలో మైనం, ఆకురాళ్ళ మధ్య కూర్చుని పళ్ళతోపాటు ఒక భాష కూడా చేశాడు మహానుభావుడు! ఉత్తరాది మంచుదేశాల భాషల పోలికతో, తొమ్మిది అచ్చులతో, తనే కల్పించుకున్న భాష. ప్రపంచం మొత్తంలో అది వచ్చినవాడు ఆయనొక్కడే. ముందు గదిలో పేర్లు రాసుకునే నేను ఆయనకు మంచుదొర అని పేరు పెట్టాను.

ఇంట్లో కూర్చుని మాట్లాడుకుంటే నాకేం? కొత్త పళ్ళు పెట్టించుకున్న ప్రతి ముసలివారి చేతా ఆ భాష పలికించేవాడు. క, త, ప అనే ముందు కాస్త ఊపిరి వదలాలట. లకారానికి గొంతు కలపకుండా నాలుక పక్కలనుంచి గాలి మాత్రమే పోనివ్వాలట. పెదవులు సున్నాలా చుట్టి ‘ఈ’ అనాలట. వాళ్ళు తుంపర్లు చిమ్ముతూ తంటాలు పడుతుంటే బయట కూర్చున్నవాళ్ళు నవ్వేవారు.

“ఇదేం పిచ్చండీ?” అని ఒకరోజు అడిగేశాను.

“అలవాటైన మాటల్లో పళ్ళ లోపాన్ని నాలుక సర్దేసుకుంటుందమ్మా. అలవాటు లేని శబ్దంలో దొరికిపోతుంది,” అన్నాడు, చంటిపిల్లకు చెప్పినట్టు. ఆ తీరే నాకు పడదు.

వెళ్ళి డాక్టరుగారి చెవిలో వేశాను, పేషెంట్లు ఫిర్యాదు చేస్తున్నారని. చేసినవాళ్ళెవరూ లేరు. ఆ పూటే పరీక్ష బంద్. ఒకటి నుంచి పది దాకా చెప్పిస్తే చాలన్నారు. మంచుదొర ముఖం మాడిపోయింది. నెలాఖరుకు మానేస్తానన్నాడు. పీడ విరగడైందనుకున్నాను.

ఆ నెలలోనే మా అమ్మకు పళ్ళు కట్టించాం. అంకెలు గడగడా చెప్పింది. ఇంటికొచ్చాక మాటమాటకీ ఈల! మనవలు పడీపడీ నవ్వారు. క్షణం ఊరుకోని మా అమ్మ నాలుగు రోజులు సైగలతోనే గడిపింది. డాక్టరుగారు రెండుసార్లు అరగదీసినా ఈల పోలేదు.

చచ్చినట్టు అమ్మను వెనక గదికి తీసుకెళ్ళాను.

“అంకెలు బాగానే చెప్పారుగా,” అన్నాడాయన తలెత్తకుండా.

“వెటకారం తర్వాత. ముందు మా అమ్మ సంగతి చూడండి.”

“మీ కోసమైతే చచ్చినా చూడను. మీరు కూర్చోండమ్మా,” అని అమ్మకు కుర్చీ వేశాడు.

ఆయన పలకడం, అమ్మ పలకడం. గంట గడిచింది. ఆ గొంతులేని లకారం దగ్గర కుడిపక్క గాలి జారింది. ఆ చోట గుర్తు పెట్టి, కాస్త నింపి, నునుపు చేసి మళ్ళీ పెట్టాడు.

అమ్మ మాట్లాడింది. ఈల లేదు! నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

“ఇంత పనితనం పెట్టుకుని ఎందుకు మానేస్తున్నావు నాయనా?” అంది అమ్మ.

“ఈ పరీక్ష వద్దన్నారమ్మా. ఫిర్యాదు వచ్చిందట.”

“ఏ పాపిష్టి మొహమో, దాని నోరు పడిపోను! ఎవరది?”

ఆయన నా వైపు చూశాడు. అంతా తెలుసన్నమాట!

“ఎవరో పేషెంటమ్మా. పేరు తెలీదు.”

నాకు తల కొట్టేసినట్టయింది. నిజం చెబుదామనే అనుకున్నాను. అమ్మ ఆయన చెయ్యి పట్టుకుని గలగలా మాట్లాడుతూనే ఉంది. నేను నోరు విప్పలేదు.